హేతువాది ఇంట తాయెత్తులు: ఫ్రిట్జ్ లైబర్ ‘కాంజర్ వైఫ్’ నవలలో హాస్య భయానకాల సంబంధం

ప్రవేశిక

ఫ్రిట్జ్ లైబర్ రచించిన ‘కాంజర్ వైఫ్’ అమెరికన్ భయానక సాహిత్యంలో ప్రసిద్ధమైన నవల. 1943 ఏప్రిల్‌లో ‘అన్‌నోన్ వరల్డ్స్’ పత్రికలో మొదట వెలువడింది. 1953లో విడి పుస్తకంగా వచ్చింది. మూడుసార్లు చలనచిత్రమైంది. 1943 నాటి రచనలకు 2019లో వెనుకటి కాలానికి వర్తింపజేసి ఇచ్చిన హ్యూగో పురస్కారాల్లో ఉత్తమ నవలగా ఎంపికైంది. శీర్షికలోని ‘కాంజర్’ అన్న మాట అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతి సమాజాల్లో వాడుకలో ఉన్న మంత్రతంత్ర విద్యను సూచిస్తుంది. తెలుగులో దీనిని ‘మంత్రగత్తె భార్య’ అని స్థూలంగా చెప్పుకోవచ్చు.

ఒక చిన్న పట్టణపు కళాశాలలో ఆచార్యుల భార్యలు రహస్యంగా మంత్రవిద్య సాగిస్తుంటారన్నది ఈ నవలలోని ఊహ. అందువల్ల దీనిని హేతువుకు, మూఢవిశ్వాసానికి నడుమ జరిగిన పోరుగా, ఆ పోరులో హేతువు ఓడిన కథగా చదవడం సులభం. ఆ పఠనంలో కొంత నిజముంది. అయితే నవలలోని భయం ప్రధానంగా మంత్రశక్తి ఉందా లేదా అన్న సందేహం నుంచి పుట్టడం లేదు. తన ప్రతిభాఫలమని ఒక పండితుడు నమ్మిన జీవితం మరొకరి శ్రమఫలమేమోనన్న ఎరుక నుంచి అది పుడుతున్నది. ఇందులోని హాస్యానికీ అదే మూలం. ఈ ఏకమూలత్వాన్ని నిరూపించడం, స్త్రీలను చిత్రించిన తీరులో ఆ నిర్మాణం ఎంతవరకు నిలిచింది, ఎక్కడ విఫలమైంది అన్నది పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. రచనా నేపథ్యం

లైబర్ (1910–1992) షేక్‌స్పియర్ నాటకాల నటుడి కుమారుడు. షికాగో విశ్వవిద్యాలయంలో చదివాడు. 1941–42లో లాస్ ఏంజెలెస్‌లోని ఆక్సిడెంటల్ కళాశాలలో వాచికం, నాటకం బోధించాడు. ఆ ఉద్యోగం విడిచిన మరుసటి ఏడాదే ఈ నవల వెలువడింది. చిన్న కళాశాలల లోపలి జీవితం రచయితకు వినికిడి విషయం కాదని ఈ కాలక్రమమే చెబుతుంది.

నవల వెలువడిన పత్రిక స్వభావం కూడా గమనించదగినది. జాన్ డబ్ల్యు. కాంప్‌బెల్ సంపాదకత్వంలో నడిచిన ఆ పత్రిక 1943లోనే యుద్ధకాలపు కాగితం కొరతవల్ల ఆగిపోయింది. అద్భుత వస్తువును సైతం ఒక నియమావళి గల వ్యవస్థగా, తర్కబద్ధంగా నడిపించాలన్నది ఆ పత్రిక సంప్రదాయం. మంత్రవిద్యను లైబర్ ప్రయోగశాల శాస్త్రంలా చిత్రించడానికి ఈ సంప్రదాయం దోహదం చేసింది.

విశ్వవిద్యాలయ నవల అన్న ప్రక్రియ చరిత్రలో దీని స్థానాన్ని తగినంతగా గుర్తించలేదు. ఆ ప్రక్రియకు ఆద్యకృతులుగా సాధారణంగా చెప్పే మేరీ మెకార్తీ ‘ద గ్రోవ్స్ ఆఫ్ అకడీమ్’ 1952లోను, కింగ్‌స్లీ ఏమిస్ ‘లక్కీ జిమ్’ 1954లోను వచ్చాయి. శాఖాధ్యక్ష పదవి కోసం పోటీ, యాజమాన్యపు నైతిక నిఘా, విందుల్లో మాటల వెనుక కత్తులు వంటి ఆ ప్రక్రియా లక్షణాలు ‘కాంజర్ వైఫ్’లో దాదాపు దశాబ్దం ముందే ఉన్నాయి. తెలుగులో విశ్వవిద్యాలయ నవల అనగానే స్ఫురించే నవీన్ ‘అంపశయ్య’ (1969) ఒక విద్యార్థి అంతరంగం చుట్టూ అల్లుకున్నది. లైబర్ నవలకు కేంద్రం అధ్యాపక వర్గం. మరింత కచ్చితంగా చెప్పాలంటే అధ్యాపకుల ఇళ్లు.

2. కథావస్తువు

నార్మన్ సేలర్ హెంప్‌నెల్ కళాశాలలో సామాజికశాస్త్ర ఆచార్యుడు. మూఢవిశ్వాసాల తులనాత్మక అధ్యయనం అతని రంగం. ఒకనాడు పని ముగిసిన తృప్తిలో, ఊరికే, భార్య టాన్సీ అలంకరణ గదిలోకి వెళ్తాడు. అక్కడి సొరుగుల్లో శ్మశానపు మట్టి, గోళ్లు, వెంట్రుకలు, లోహపు ముక్కలు కట్టిన పొట్లాలు కనిపిస్తాయి. తాను పరిశోధన కోసం సేకరించిన విద్యను భార్య తన రక్షణ కోసమే ఏళ్ల తరబడి ఆచరిస్తున్నదని తెలుస్తుంది. అతడు వాదించి, నచ్చజెప్పి, అన్నింటినీ తగలబెట్టిస్తాడు. నిత్యం తన వెంట ఉండే వస్తువులోనే దాగిన చివరి రక్ష కూడా కాలిపోగానే టెలిఫోన్ మోగుతుంది.

అక్కడి నుంచి ఆపదలు వరుస కడతాయి. పరీక్షలో తప్పిన థియొడోర్ జెనింగ్స్ అనే విద్యార్థి మొదట దూషించి, తరువాత తుపాకీతో ఎదురవుతాడు. మార్గరెట్ వాన్ నైస్ అనే యువతి శీలదోషం ఆరోపిస్తుంది. నార్మన్ పరిశోధనకు మరొకరి పాత సిద్ధాంతగ్రంథంతో పోలికలు బయటపడతాయి. చేతికందిందనుకున్న శాఖాధ్యక్ష పదవి అంతగా ప్రతిభలేని హర్వీ సాటెల్‌కు దక్కుతుంది. ఎదుటి భవనం పైకప్పు మీది డ్రాగన్ శిల్పం చోటు మారుతున్నట్టు తోస్తుంది. భర్త మీది ప్రయోగాన్ని టాన్సీ తన మీదికి మళ్లించుకొని, ఆత్మను కోల్పోతుంది. ఆ ఆత్మను తిరిగి తేవడానికి హేతువాది అయిన భర్తే మంత్రవేత్త కావలసి వస్తుంది. ప్రత్యర్థులు ముగ్గురు స్త్రీలు: ఎవెలిన్ సాటెల్, హల్డా గనిసన్, వృద్ధురాలు ఫ్లోరా కార్.

3. విరోధి రసాల మైత్రి

భారతీయాలంకారికుల దృష్టిలో హాస్య భయానకాలకు పొత్తు కుదరదు. విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో హాస్యానికి కరుణ, భయానకాలను విరోధులుగా పేర్కొన్నాడు. అయితే విరోధానికి పరిహారం కూడా శాస్త్రంలోనే ఉంది. విరోధి రసాలకు ఆశ్రయం వేరైనప్పుడు విరోధం తొలగుతుందని ఆనందవర్ధనుడు చూపాడు. ‘కాంజర్ వైఫ్’ పూర్వార్ధం ఈ ఆశ్రయభేదం మీదనే నడుస్తుంది. భయం టాన్సీది, నవ్వు పాఠకుడిది. నార్మన్ ఈ రెంటికీ దూరంగా తన శాస్త్రజ్ఞానపు భద్రతలో ఉంటాడు. ‘మూఢవిశ్వాసానికి, స్త్రీల మనోవికారానికి గల సామ్యాలు’ అన్న అర్థం వచ్చే పరిశోధన గ్రంథం రాసిన వ్యక్తి, ఆ గ్రంథానికి విషయసామగ్రి తన పడకగది పక్కనే ఉన్నదని ఏళ్ల తరబడి గమనించకపోవడం ఇందులోని మొదటి పరిహాసం.

మొదటి ప్రకరణంలోని సొరుగును రససిద్ధాంత దృష్టితో చూస్తే మరొక విశేషం కనిపిస్తుంది. శృంగారం నుంచి హాస్యం, బీభత్సం నుంచి భయానకం పుడతాయని నాట్యశాస్త్రం చెబుతుంది. టాన్సీ సొరుగు దాంపత్యపు ఏకాంతానికి చెందినది. అందులో ఉన్నవి మాత్రం శ్మశానపు మట్టి, గోళ్లు, వెంట్రుకలు. శృంగారస్థానంలో బీభత్సవస్తువును దాచి, రెండు రసాలకూ ఒకే బీజాన్ని రచయిత అక్కడ నాటాడు. తరువాతి కథంతా ఆ బీజం మొలకెత్తిన క్రమమే.

ఉత్తరార్ధంలో ఆశ్రయభేదం క్రమంగా చెరిగిపోతుంది. సాటెల్, గనిసన్, కార్ దంపతులు సేలర్ల ఇంట బ్రిడ్జి ఆడిన సాయంకాలం దీనికి మంచి నిదర్శనం. ముక్కలు పంచుకుంటూ, మర్యాదగా కుశలమడుగుతూ సాగే ఆ దృశ్యంలో అసంబద్ధమైనది ఒక్కటీ జరగదు. మొదట చదివినప్పుడు అది చిన్న ఊరి పెద్దమనుషుల మీది వ్యంగ్యం. ఎవరి చేతిలో ఎవరి ప్రాణం ఉన్నదో తెలిసి మళ్లీ చదివినప్పుడు అదే సంభాషణ యుద్ధభూమి అవుతుంది. రచయిత ఒక్క మాటను కూడా మార్చనక్కర లేకుండానే హాస్యం భయంగా పరిణమిస్తుంది. నార్మన్‌ను చూసి నవ్విన పాఠకుడికి, నార్మన్ భయపడే వేళకు విడిగా నిలబడి నవ్వే చోటు మిగలదు.

4. ప్రతిభ ఎవరిది?

రక్షలు కాలిన తరువాత నార్మన్‌ను చుట్టుముట్టిన ఆపదల్లో అలౌకికమైనవి ఎన్ని? డ్రాగన్ శిల్పాన్ని మినహాయిస్తే పూర్వార్ధంలో దాదాపు ఏదీ లేదు. అనుత్తీర్ణుడైన విద్యార్థి కక్ష, ఒక అపవాదు, గ్రంథచౌర్యపు అనుమానం, ధర్మకర్తల చెవిన పడిన పాత విందు ముచ్చట, చేజారిన పదవి. విద్యాసంస్థల్లో ఇవి లోకసహజాలు. ఒక్కొక్కదానికి సహజమైన కారణం ఉన్నదని నార్మన్ తనకు తాను చెప్పుకోగలడు, చెప్పుకుంటాడు కూడా. నవలలోని వ్యంగ్యం ఇక్కడ అత్యంత నిశితమవుతుంది. శాపం ఫలించడమంటే కళాశాల జీవితం దాని సహజగతిలో నడవడమే. అద్భుతమేదైనా ఉంటే అది ఇంతకాలం ఇవేవీ జరగకపోవడం.

ఈ తలకిందుల తర్కం నార్మన్ ఆత్మప్రత్యయపు పునాదిని కదిలిస్తుంది. సంప్రదాయబద్ధమైన కళాశాలలో స్వతంత్రభావాలతో నెగ్గుకొచ్చానని, తన పాండిత్యమే తనకు అండ అని అతడు నమ్మాడు. ఆ స్వతంత్రతకు వెల చెల్లించినది టాన్సీ. అతడు నిర్భయంగా మాట్లాడిన ప్రతి సందర్భం వెనుక ఆమె భయం కాపలా ఉంది. మంత్రవిద్యను పూర్తిగా పక్కన పెట్టి చదివినా ఈ సత్యం చెక్కుచెదరదు. ఎవరిని విందుకు పిలవాలి, ఎవరి అహాన్ని ఎక్కడ చల్లార్చాలి, ఏ వదంతిని ఏ మాటతో ఆపాలి అన్న గృహిణి శ్రమ మీద ఆనాటి ఆచార్యుల వృత్తిజీవితాలు నిలిచాయి. ఆ శ్రమకు గ్రంథాల ముందుమాటల్లో ఒక కృతజ్ఞతావాక్యం మించి గుర్తింపు లేదు. లైబర్ ఆ శ్రమకు మంత్రవిద్య అనే రూపకం తొడిగాడు. రూపకం కావడం వల్లనే అదృశ్యశ్రమ దృశ్యమానమయింది.

చలనచిత్రానుసరణలు ఈ విషయాన్ని వ్యతిరేక పద్ధతిలో బలపరుస్తాయి. 1944 నాటి ‘వియర్డ్ వుమన్’లో భార్య ఒక ద్వీపంలో పెరిగిన పరాయి యువతి అయింది, ఆపదల వెనుక ఒక పూర్వప్రియురాలి అసూయ ఉన్నట్టు తేలింది. మంత్రానికి బదులు మానసిక తంత్రం వచ్చి చేరింది. 1962 నాటి బ్రిటిష్ చిత్రం ‘నైట్ ఆఫ్ ద ఈగిల్’ మంత్రశక్తిని నిలుపుకొని, డ్రాగన్‌ను రాతి గద్దగా మార్చింది. ప్రత్యర్థి స్త్రీలను మాత్రం ఒక్క ఫ్లోరా కార్‌కు కుదించింది. రెండు చిత్రాల్లోనూ వ్యవస్థ వ్యక్తిగా మారింది. ఒక దుష్టురాలు ఉన్నప్పుడు ఆమెను ఓడిస్తే కథ ముగుస్తుంది. నవలలో అటువంటి వెసులుబాటు లేదు. అక్కడ ఆచార్యుల ఇళ్లన్నీ ఒకే శ్రమవ్యవస్థలో భాగాలు.

5. హేతువు ఓడిందా?

టాన్సీ ఆత్మను తిరిగి తేవడానికి నార్మన్ ఎంచుకున్న మార్గం విమర్శకులు నిలిచి ఆలోచించదగినది. అతడు భక్తుడు కాడు, శిష్యుడూ కాడు. వేర్వేరు ప్రాంతాల, కాలాల మంత్రప్రక్రియలను పక్కపక్కన పేర్చి, ప్రతీకాత్మక తర్కం సాయంతో అనవసర భాగాలను తొలగించి, అన్నింటికీ సమానమైన మూలసూత్రాన్ని రాబడతాడు. లెక్క తేలక గణితాచార్యుడు లింతికమ్ కార్‌ను ఆశ్రయిస్తాడు. ఆ వృద్ధుడు అదేమిటో తెలియకుండానే ఉత్సాహంగా సమస్యను విప్పి ఇస్తాడు. ఆయన భార్యే ప్రధాన ప్రత్యర్థి. తన ఇంటి రహస్యానికి తాళంచెవి తానే తయారుచేసి పరాయివాడికి అందించిన పండితుడి చిత్రం ఇది. నవలలోని హాస్యానికి ఇదొక పరాకాష్ఠ.

ఈ ఘట్టాన్ని బట్టి చూస్తే హేతువు ఓడిందన్న నిర్ణయం నిలవదు. హేతువు మంత్రవిద్యను తనలో కలుపుకొన్నది. స్త్రీలు తరతరాలుగా నోటిమాటగా, చేతివాడుకగా కాపాడుకున్న జ్ఞానం పురుషుడి కాగితం మీద సూత్రమయింది. మంత్రసాని అనుభవం ప్రసూతిశాస్త్రంగా మారిన క్రమంలో ఆమె పేరు ఎలా మిగలలేదో, ఇక్కడా అంతే. పైగా ఆ సూత్రంతో నార్మన్ చేసిన మొదటి పని ఎవెలిన్ సాటెల్ ఆత్మను హరించడం. ఏ అపరాధాన్ని చూసి అతడు కంపించాడో దానినే, భార్యను రక్షించే నెపంతో, తానూ చేశాడు. ఈ సామ్యాన్ని రచయిత దాచలేదు. అలాగని దాని మీద తీర్పూ చెప్పలేదు.

ఆత్మ కోల్పోయిన టాన్సీ నవలలో అన్నింటికన్న భయంకరమైన కల్పన. ఆ దేహం నడుస్తుంది, అడిగినదానికి బదులిస్తుంది, చెప్పిన పని చేస్తుంది. తన ఆత్మ తనకు కావాలన్న ఒక్క కోరిక తప్ప దానికి మరే ఇచ్ఛా లేదు. తొలి ప్రకరణంలో నార్మన్ కోరుకున్నది తన మాట విని, తన ‘పిచ్చి’ని విడిచే భార్యను. వినడం మాత్రమే మిగిలిన భార్య చివరకు అతనికి దక్కింది. విధేయత పరిపూర్ణమైతే అది శవానికి ఎంత దగ్గరో ఈ ఘట్టం చూపుతుంది. తరువాత ఫ్లోరా కార్ టాన్సీ దేహంలో ప్రవేశించినప్పుడు తెలుగు పాఠకుడికి పరకాయప్రవేశ కథలు గుర్తుకు రావడం సహజం. అమరుక రాజు దేహంలో శంకరులు ప్రవేశించారన్న ఐతిహ్యంలో ప్రయోజనం జ్ఞానం. ఇక్కడి ప్రయోజనం యౌవనం. ఆ దృష్టితో ఫ్లోరా కార్‌కు దగ్గరి బంధువు పూరుని యౌవనం పుచ్చుకున్న యయాతి.

చిట్టచివర, జరిగినదంతా నమ్ముతున్నావా అన్న ప్రశ్నకు నార్మన్ తనకు తెలియదన్న అర్థంలో బదులిస్తాడు. సహజ, అలౌకిక కారణాల నడుమ తేలని సందిగ్ధతే అద్భుత సాహిత్యపు ప్రాణమని త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో ప్రతిపాదించాడు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’లో కూడా క్షుద్రప్రయోగం, వైద్య మనోవైజ్ఞానిక వివరణ సమాంతరంగా నడుస్తాయి. కాని అక్కడ సందిగ్ధత పాఠకుడి ఉత్కంఠకు ఇంధనం. ఒక బిడ్డ ప్రాణం దక్కాలి, ఏ మార్గాన దక్కినా సరే. హెంప్‌నెల్‌లో సందిగ్ధత ఒక వృత్తికి సంబంధించినది. నమ్మకాలను వర్గీకరించి జీతం తీసుకునే వ్యక్తి తన నమ్మకమేమిటో చెప్పలేకపోవడం అక్కడి ముగింపు.

6. స్త్రీలందరూ మంత్రగత్తెలేనా?

నవలకు ఉన్న ప్రధాన ఆక్షేపణను తప్పించుకోవడానికి వీల్లేదు. స్త్రీలందరూ రహస్యంగా మంత్రగత్తెలే, పురుషులకే ఆ సంగతి తెలియదు అన్న భావన పాత స్త్రీద్వేషానికి కొత్త తొడుగేమో అనిపించడం సహజం. 1692లో సేలంలో అటువంటి ఆరోపణ మీద పందొమ్మిది మందిని ఉరి తీశారు. వారిలో అధికులు స్త్రీలు. తెలుగు నేలమీద చేతబడి, బాణామతి అనే మాటలు కథల్లో భయాన్ని పుట్టించడంతో ఆగలేదు. ఆ పేరిట మనుషులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ చరిత్ర తెలిసిన పాఠకుడు లైబర్ ఊహను కేవలం చమత్కారంగా స్వీకరించలేడు.

లైబర్‌కు అనుకూలంగా చెప్పదగిన అంశం ఒకటుంది. ఆరోపించేవాడి స్థానాన్ని ఈ నవల సురక్షితంగా ఉంచలేదు. స్త్రీల విశ్వాసాన్ని మనోవికారమని గ్రంథం రాసిన వ్యక్తినే కథ విచారణకు నిలబెట్టింది. కాని ఆ విచారణ పూర్తి కాలేదు. టాన్సీ శక్తి భర్త రక్షణకు పరిమితమైనందువల్ల ఆమె ఉత్తమురాలు. తక్కిన ముగ్గురి శక్తి భర్తల ఉన్నతికి, స్వార్థానికి వినియోగమైనందువల్ల వారు దుష్టులు. నిజానికి నలుగురూ చేస్తున్నది ఒకే పని. తమ పేర పదవులు లేని సంస్థలో భర్తల ద్వారా తప్ప వారికి ఉనికి లేదు. నలుగురిలో ఫ్లోరా కార్ ఒక్కతే విద్యార్థినుల పర్యవేక్షణాధికారిగా సొంత పదవి గలది. ఆమెనే నవల అందరికన్న భయంకరురాలిగా చిత్రించింది. ఈ ఎంపికను యాదృచ్ఛికమనలేము. స్త్రీల మధ్య వైరాన్ని సృష్టించిన వ్యవస్థను చూపిన రచయిత, ఆ వైరాన్ని స్త్రీస్వభావంగా కూడా చూపి, తన అంతర్దృష్టిని తానే కుంచించుకున్నాడు.

రెండవ లోపం ఇంతకన్న తక్కువ చర్చకు వచ్చింది. టాన్సీ విద్యకు మూలం నల్లజాతి ప్రజలది. నార్మన్ క్షేత్రపర్యటనల్లో ఆ జ్ఞానం సేకరణకు వచ్చింది. 1935లో ‘మ్యూల్స్ అండ్ మెన్’ ప్రకటించిన జోరా నీల్ హర్స్టన్ వంటి నల్లజాతి పరిశోధకులు అప్పటికే ఆ విద్యను సజీవ సంప్రదాయంగా లోపలి నుంచి వర్ణించారు. లైబర్ నవలలో ఆ విద్యను ఇచ్చినవారు కనిపించరు. విద్య మాత్రం కళాశాల ఇళ్లలో పనిచేస్తుంటుంది. భార్య శ్రమను గుర్తించని భర్తను చిత్రించిన నవల, తన వస్తువుకు మూలమైన సమాజాన్ని తాను గుర్తించలేదు. జానపద విజ్ఞానాన్ని సేకరించే ఏ విశ్వవిద్యాలయ శాఖకైనా ఈ లోపం దూరపు విషయం కాదు.

ముగింపు

‘కాంజర్ వైఫ్’లో హాస్య భయానకాలు పక్కపక్కన పేర్చిన రెండు రుచులు కావు. తన ఇంటి పునాదిని తాను ఎరుగని పండితుడు బయటి నుంచి చూసేవారికి హాస్యపాత్రుడు. ఆ పునాది కదిలిననాడు తన దృష్టిలో తానే భయపాత్రుడు. ఆశ్రయభేదంతో మొదలైన రసమైత్రి ఆశ్రయైక్యంతో ముగియడం ఈ నవల సాధించిన శిల్పప్రయోజనం. శక్తిని దాచుకున్న స్త్రీని అర్థం చేసుకున్న మేరకు, శక్తిని బయటపెట్టిన స్త్రీని అర్థం చేసుకోలేకపోవడం, జ్ఞానదాతల పేర్లు మరవడం దీని పరిమితులు. అయినా ఇది అడిగిన ప్రశ్నకు కాలదోషం పట్టలేదు. ఒక సిద్ధాంతగ్రంథం మీద ఒక్క పేరే అచ్చవుతుంది. ఆ గ్రంథం పూర్తి కావడానికి ఎవరెవరు ఏయే భయాలను మోశారో లెక్కించే పద్ధతి విద్యాలోకానికి ఇంకా అలవడలేదు. లైబర్ నవలలోని సొరుగు ఇప్పటికీ తెరిచే ఉన్నది.